ఒక్క లోపంతో మొదలుపెట్టండి: గ్రీకు, రోమన్ తత్త్వవేత్తల దారిలో సద్గుణ సాధన

క్రీ.పూ. 399లో ఏథెన్స్ న్యాయస్థానంలో నిలబడిన సోక్రటీస్, డబ్బు కోసం, పేరు ప్రతిష్ఠల కోసం అంతగా తాపత్రయపడే మీరు ఆత్మ బాగోగులను ఎందుకు పట్టించుకోరని తోటి పౌరులను నిలదీశాడని ప్లేటో రాశాడు. మనిషి బాగా బతకడమంటే ఏమిటి, ఆ బతుకులో శీలానికి ఎంత వాటా ఉంది అనే ప్రశ్న అప్పటి నుంచి దాదాపు ఆరు వందల ఏళ్ల పాటు గ్రీకు, రోమన్ తత్త్వచింతనకు కేంద్రంగా నిలిచింది. అరిస్టాటిల్, ఎపిక్యూరస్, సద్గుణమొక్కటే నిజమైన మేలని బోధించిన స్టోయిక్కులు, ఆ తరువాత రోమన్ ప్రపంచంలో సిసెరో, సెనెకా, ఎపిక్టెటస్, చక్రవర్తి మార్కస్ అరీలియస్ దానికి తమ తమ జవాబులు చెప్పారు. ఒకరి జవాబును మరొకరు ఘాటుగా ఖండించిన సందర్భాలూ తక్కువేమీ కాదు. అయినా సద్గుణం చదివినంత మాత్రాన రాదని, అభ్యాసం వల్లనే అలవడుతుందని చెప్పడంలో వీరందరిదీ ఒకే మాట. ఇళ్లు కట్టగా కట్టగా ఇళ్లు కట్టేవారవుతారని, న్యాయమైన పనులు చేయగా చేయగా న్యాయవంతులవుతారని అరిస్టాటిల్ అన్నాడు. ఎపిక్టెటస్‌కు గురువైన ముసోనియస్ రూఫస్ వైద్యాన్నీ సంగీతాన్నీ ఉదాహరణగా చూపి, సూత్రాలు తెలిసి చేయి తిరగనివాడు వైద్యుడూ కాడు, గాయకుడూ కాడు, అలాగే గుణవంతుడూ కాడని బోధించాడు.

ఈ రచనలను ఇప్పుడు చాలామంది సూక్తుల సంకలనాల్లా చదువుతున్నారు. పొద్దున ఒక వాక్యం మనసుకు హత్తుకుంటుంది, సాయంత్రానికి జారిపోతుంది. అలా జారిపోకుండా ఉండాలంటే ఆ వాక్యానికి మీ జీవితంలో ఒక పని అప్పగించాలి. అందుకు నేను సూచించే పద్ధతి సులువైనదే: మీ లోపాల్లో ఒక్కదాన్ని ఎంచుకొని, దానితోనే ఒక్కొక్క తత్త్వవేత్త దగ్గరికి వెళ్లండి. ప్లేటో 'రిపబ్లిక్'లో చెప్పిన వివేకం, ధైర్యం, నిగ్రహం, న్యాయం అనే నాలుగింటినీ ఒకేసారి అలవరచుకోవాలని కూర్చుంటే దేని మీదా పట్టు చిక్కదు. ఒక్క సద్గుణం నిజంగా ఉన్నవారికి మిగిలినవన్నీ ఉంటాయని స్టోయిక్కులు వాదించారు. అది సిద్ధాంతంగా సరైనదా కాదా అన్న చర్చ అటుంచితే, సాధకునికి మాత్రం బాగా ఉపయోగపడుతుంది, ఎందుకంటే ఒక్క లోపాన్ని గట్టిగా పట్టుకొని లాగితే తక్కినవీ దాని వెంట బయటికి వస్తాయి.

ఎంచుకునే లోపానికి రెండు లక్షణాలుండాలి. అది తరచుగా బయటపడేదై ఉండాలి. నెలకొకసారి కనిపించే దానితో అభ్యాసం సాగదు. ఇతరులతో మీ వ్యవహారంలో కనిపించేదై ఉండాలి. "నాకు క్రమశిక్షణ లేదు" అన్నది మరీ విశాలం, ఎక్కడ పట్టుకోవాలో తెలియదు. "ఎవరైనా నా తప్పు చూపిస్తే ఎదురుదాడికి దిగుతాను" అన్నది సరిపోతుంది. ఈ వ్యాసమంతటా ఆ లోపాన్నే ఉదాహరణగా తీసుకుంటాను.

పుస్తకాల వరుస

మొదట ఎపిక్టెటస్ 'ఎన్‌కిరీడియన్' చదవండి. బానిసగా పుట్టి, స్వేచ్ఛ పొంది, డొమిషియన్ చక్రవర్తి తత్త్వవేత్తలను వెళ్లగొట్టినప్పుడు రోమ్ విడిచి గ్రీస్‌లోని నికోపోలిస్‌లో పాఠశాల నడిపిన ఎపిక్టెటస్ స్వయంగా ఏమీ రాయలేదు. శిష్యుడు ఆరియన్ ఆయన బోధనలను నమోదు చేసి, వాటి సారాన్ని ఈ చిన్న పుస్తకంలో కూర్చాడు. ఇందులో 53 చిన్న అధ్యాయాలున్నాయి. కొన్ని రెండు మూడు వాక్యాలకు మించవు. దాని తరువాత సెనెకా తన మిత్రుడు లూసిలియస్‌కు రాసిన 124 ఉత్తరాల్లో మొదటి ఇరవై, ఆపైన అరిస్టాటిల్ 'నికోమాకియన్ ఎథిక్స్' రెండవ భాగం చదవవచ్చు. పది భాగాల ఆ గ్రంథాన్ని మొదటి పుట నుంచి చదవబోయి మధ్యలో వదిలేసేవారే ఎక్కువ. అభ్యాసానికి కావలసింది రెండవ భాగంలో ఉంది, మొదటి భాగానికి తరువాత వెనక్కి రావచ్చు.

మార్కస్ అరీలియస్ 'మెడిటేషన్స్'తో మొదలుపెట్టవద్దనే చెబుతాను. అది ఎంతో గొప్ప పుస్తకం. కానీ అప్పటికే స్టోయిక్ శిక్షణ పొందిన ఒక మనిషి తనను తాను హెచ్చరించుకుంటూ తన కోసమే రాసుకున్న టిప్పణి అది. వెనుకనున్న వాదన తెలియకుండా చదివితే అది విషాదంగానో వైరాగ్యంగానో మాత్రమే వినిపిస్తుంది.

ఎక్కువ పుస్తకాలు ఒకేసారి తెరవకూడదన్న హెచ్చరిక సెనెకా రెండవ ఉత్తరంలోనే ఉంది. ప్రతిరోజూ చదివిన వాటిలోంచి ఒక్క ఆలోచనను ఎంచుకొని, ఆ రోజుకు దాన్ని జీర్ణం చేసుకోమని ఆయన సలహా. స్టోయిక్ అయిన సెనెకా, ఆ ఉత్తరంలో తాను ఆ రోజుకు ఎంచుకున్న మాట ప్రత్యర్థి సంప్రదాయపు ఎపిక్యూరస్‌దని, శత్రువుల శిబిరంలోకి కూడా వేగులవాడిలా వెళ్లివస్తుంటానని చెప్పుకున్నాడు. మీరూ ఏ ఒక్క సంప్రదాయానికో కట్టుబడి ఉండనక్కరలేదు.

రాత్రి పరీక్ష

ఈ సాధనకు ఇరుసు లాంటిది రాత్రి పరీక్ష. తక్కినవి తప్పినా ఇది తప్పకుండా చూసుకోవాలి. సెనెకా 'కోపం గురించి' అనే రచన మూడవ భాగంలో దీన్ని వర్ణించాడు. క్వింటస్ సెక్స్‌టియస్ అనే రోమన్ తత్త్వవేత్త ప్రతి రాత్రీ పడుకోబోయే ముందు తన మనసును మూడు ప్రశ్నలు అడిగేవాడట: ఈ రోజు నీలోని ఏ జబ్బును నయం చేశావు, ఏ దురలవాటును ఎదిరించావు, ఏ విషయంలో మెరుగయ్యావు? తానూ అదే చేస్తానని, దీపం తీసేశాక, తన అలవాటు తెలిసిన భార్య మౌనంగా ఉండగా, రోజంతటినీ వెనక్కి తిప్పి ఒక్కొక్క మాటనూ చేతనూ తూచుకుంటానని, తన నుంచి తాను ఏదీ దాచుకోనని సెనెకా రాశాడు. అంతకంటే ముఖ్యం, ఆ పరీక్షలో ఆయన తనకు తాను చెప్పుకునే తీర్పు: మళ్లీ ఇలా చేయకు, ఈసారికి క్షమిస్తున్నాను.

ఆయన ఇచ్చే ఉదాహరణలు ఎంత మామూలువో గమనించండి. ఒక వాదనలో అవసరానికి మించి పట్టుదలగా మాట్లాడాను. ఒకరిని మరీ నిర్మొహమాటంగా మందలించాను, దానితో అతను దిద్దుకోలేదు సరికదా నొచ్చుకున్నాడు. ఒక ధనవంతుని ఇంటి ద్వారపాలకుడు మిత్రుణ్ని లోపలికి రానివ్వకపోతే నాకూ కోపం వచ్చింది. విందులో తక్కువ స్థానంలో కూర్చోబెట్టారని పిలిచినవారి మీద, తనకంటే పై స్థానంలో కూర్చున్నవారి మీద మండిపడే మనిషిని, విందులో ఒరిగి తినే పరుపు ఏ వైపుదైతే నీకేమిటని అడుగుతాడు. నీరో చక్రవర్తికి గురువుగా, సలహాదారుగా ఉండి రాజ్యవ్యవహారాలు నడిపిన మనిషి రాత్రి పరీక్షలో తూచుకున్నవి ఇలాంటి విషయాలే. పెద్ద పెద్ద పాపాల కోసం వెతికితే ఈ సాధన రెండు రోజుల్లో ఆగిపోతుంది.

ఆచరణలో ఇలా చేయండి. పడుకోబోయే ముందు పది నిమిషాలు కేటాయించి, ఎంచుకున్న లోపం ఆ రోజు బయటపడిన ఒక్క సందర్భాన్ని రాయండి. సెనెకా ఈ పరీక్షను కాగితం మీద పెట్టినట్టు కనిపించదు, మనసులోనే చేశాడు. కానీ కొత్తవారికి కాగితం మేలు, ఎందుకంటే మనసు తనకు అనుకూలమైన చోట్ల తొందరగా దాటిపోతుంది. "ఈ రోజు మళ్లీ కోపం వచ్చింది, ఇక రాకూడదు" అని రాస్తే అది సంకల్పమే గాని పరీక్ష కాదు. పనికివచ్చే రాత ఇలా ఉంటుంది:

"మధ్యాహ్నం సమావేశంలో నా లెక్కల్లో తప్పుందని సహోద్యోగి అందరి ముందూ చెప్పాడు. లెక్క సరిచూడకుండానే, పోయినసారి అతను చేసిన పొరపాటును ఎత్తిపొడిచాను. ఇద్దరు ముగ్గురు నవ్వారు. అతను మాట మార్చాడు. సాయంత్రం చూసుకుంటే లెక్క నిజంగానే తప్పు. ఎత్తిపొడిచే ముందు నేను నమ్మినది: అందరి ముందూ తప్పు చూపించడమంటే నన్ను చిన్నబుచ్చడమే. రేపటి పని: తప్పు ఒప్పుకోవాలి, అదీ అతనొక్కడి దగ్గర కాకుండా ఆ నలుగురి ముందే."

ఇందులో నాలుగు అంశాలున్నాయి: జరిగినది, నేను చేసినది, ఆ క్షణంలో నేను నమ్మినది, రేపు చేయవలసినది. మూడవదే అన్నిటికంటే కష్టం, అన్నిటికంటే విలువైనది కూడా. మొదటి వారం అది దొరకదు. "అతను కావాలనే అన్నాడు" లాంటి వాక్యాలు వస్తాయి. ఆ వాక్యాలన్నీ ఎదుటివారి గురించినవే. మీ రాతలో ఎదుటివారి పేరు మీ పేరు కంటే ఎక్కువసార్లు కనిపిస్తే, రాసినది పరీక్ష కాదు, ఫిర్యాదు. దాన్ని కొట్టేసి మళ్లీ రాయండి.

తనను తాను తిట్టుకోవడం దీనికి వ్యతిరేక దిశలో జరిగే పొరపాటు. తిట్టుకోవడంలోనూ ఒక సుఖం ఉంది. దానితో పని పూర్తయినట్టు అనిపిస్తుంది. సెనెకా క్షమాపణ వాక్యాన్ని అందుకే యథాతథంగా వాడుకోమంటాను. చెడుగా జరిగిన దాన్ని రాసిన చోటే బాగా జరిగిన దాన్నీ రాయాలి. ఎపిక్టెటస్ తన శిష్యులకు గుర్తుచేసిన పైథాగరస్ సంప్రదాయపు పద్యాల్లో కూడా, ఎక్కడ తప్పాను, ఏమి చేశాను, చేయవలసినది ఏది వదిలేశాను అని ప్రశ్నించుకున్నాక, చెడ్డవాటికి మందలించుకొని మంచివాటికి సంతోషించమని ఉంది. వదిలేసిన పని గురించిన ఆ మూడవ ప్రశ్నను సాధారణంగా అందరూ మరిచిపోతారు.

ఘటనకూ తీర్పుకూ మధ్య

రాత్రి పరీక్ష జరిగిపోయినదాన్ని చూస్తుంది. జరుగుతున్నప్పుడే పట్టుకోవడానికి ఎపిక్టెటస్ కావాలి. మనుషులను కలవరపెట్టేవి ఘటనలు కావని, ఘటనల గురించి వారు చేసుకునే తీర్పులని 'ఎన్‌కిరీడియన్' అయిదవ అధ్యాయం చెబుతుంది. పై ఉదాహరణలో ఘటన ఒక్క వాక్యమే: లెక్కలో తప్పుందని ఒకరు అన్నారు. చిన్నబుచ్చడమనేది ఆ వాక్యంలో లేదు. దాన్ని వినేవారు చేర్చారు. ఏ భావన మనసులో మెదిలినా దానితో పాటే కొట్టుకుపోకుండా, "నువ్వు ఒక భావనవి మాత్రమే, కనిపిస్తున్న వస్తువువి కావు" అని దానితో చెప్పి, ఆపైన పరీక్షించమని ఆయన నేర్పాడు. పరీక్షలో మొదటి ప్రశ్న, ఇది నా చేతిలో ఉన్నదా లేనిదా అన్నది. సహోద్యోగి ఎక్కడ, ఎలా మాట్లాడాలో నా చేతిలో లేదు. లెక్క సరిచూడడం, జవాబివ్వడం నా చేతిలో ఉన్నాయి.

చెప్పినంత తేలిక కాదిది, ఎందుకంటే భావన వచ్చిన క్షణంలో పరీక్షించే తీరిక ఉండదు. అందుకే కొంత వ్యవధి సంపాదించుకుంటే నిగ్రహం సులువవుతుందని ఎపిక్టెటస్ అన్నాడు. కోపానికి అతి గొప్ప మందు ఆలస్యమేనని సెనెకా అన్నాడు. మీ లోపానికి తగిన ఆలస్యాన్ని ముందే నిర్ణయించుకోండి. తప్పు చూపించినప్పుడు ఎదురుదాడికి దిగేవారికి "ఒక్క నిమిషం, చూస్తాను" అన్న మాట చాలు. ఆ మాటను పొద్దునే నోటికి అలవాటు చేసుకోవాలి, అవసరం వచ్చినప్పుడు కొత్తగా తట్టదు.

పొద్దున చేయవలసిన సన్నాహం కూడా ఎపిక్టెటస్ దగ్గరే దొరుకుతుంది. స్నానశాలకు వెళ్లబోయే ముందు అక్కడ ఏమేమి జరుగుతాయో తలచుకోమంటాడు: నీళ్లు చిమ్మేవారుంటారు, నెట్టేవారుంటారు, తిట్టేవారుంటారు, దొంగతనం చేసేవారుంటారు. నాకు స్నానం కావాలి, దానితో పాటు నా స్వభావం చెడకుండానూ ఉండాలి అని ముందే అనుకొని వెళితే, అక్కడ ఏదైనా జరిగినప్పుడు, నేను కోరినది స్నానమొక్కటే కాదు కదా అన్నది గుర్తుకు వస్తుంది. మార్కస్ అరీలియస్ రెండవ భాగం మొదట్లో, ఈ రోజు కృతఘ్నులూ అహంకారులూ అసూయాపరులూ ఎదురవుతారని తనకు తాను చెప్పుకున్నది ఇదే సన్నాహం. సమావేశానికి వెళ్లబోయే ముందు ఒక్క నిమిషం ఇలా గడిపితే చాలు. దీన్ని దిగులుపడడంగా మార్చుకోకూడదు. ఏమవుతుందోనన్న భయం వేరు, ఇది జరిగితే ఎలా నడుచుకుంటానన్న నిర్ణయం వేరు.

మధ్యమం ఎక్కడుంది

ప్రతి సద్గుణం రెండు అతుల మధ్య ఉంటుందని అరిస్టాటిల్ చెప్పాడు: పిరికితనానికీ తెగింపుకీ మధ్య ధైర్యం, దుబారాకూ పిసినారితనానికీ మధ్య ఔదార్యం. దీన్ని అన్నింటిలోనూ కొంచెం కొంచెం చేయమనే సలహాగా అర్థం చేసుకోవడం పెద్ద పొరపాటు. మధ్యమం లెక్కల్లో సగం కాదని ఆయనే వివరించాడు. పది 'మినా'ల (మినా అంటే గ్రీకు తూకపు కొలత) ఆహారం ఎక్కువ, రెండు తక్కువ అయినంత మాత్రాన శిక్షకుడు అందరికీ ఆరు పెట్టడు. మల్లయోధుడు మైలోకు అది చాలదు, కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినవారికి ఎక్కువవుతుంది. కోపగించుకోవడం ఎవరికైనా సులువే, తగిన వ్యక్తి మీద, తగినంతగా, తగిన సమయంలో, తగిన కారణంతో, తగిన రీతిలో కోపగించుకోవడమే కష్టమన్నదీ ఆయన మాటే.

మరి మధ్యమాన్ని పట్టుకోవడం ఎలా? రెండవ భాగం చివర ఆయన ఇచ్చిన సూచనలు మొత్తం గ్రంథంలోనే అతి ఆచరణీయమైనవి. రెండు అతుల్లో ఏది మధ్యమానికి ఎక్కువ దూరమో దాని నుంచి ముందు తప్పుకోవాలి. మన మనసు సహజంగా ఎటు ఒరుగుతుందో కనిపెట్టి, వంకర కర్రను సరిచేసేవారు ఎదురువైపు వంచినట్టు, మనల్ని మనం ఆ ఎదురువైపుకు లాక్కోవాలి. సుఖం విషయంలో మనం నిష్పక్షపాత న్యాయమూర్తులం కాము కాబట్టి దాని దగ్గర మరింత జాగ్రత్త పడాలి. రాత్రి పరీక్షలో పోగుపడిన రాతలు ఇక్కడ అక్కరకు వస్తాయి. రెండు వారాల రాతలను ఒకచోట చదివితే మీరు ఎటు ఒరుగుతారో స్పష్టంగా తెలుస్తుంది. విమర్శ వినగానే ఎదురు తిరిగేవారు కొన్నాళ్లు మరీ మెత్తగా, ఎదుటివారి మాటలో సగం తప్పున్నా మిగతా సగాన్నే ఒప్పుకుంటూ జవాబివ్వాలి. విమర్శ వినగానే కుంచించుకుపోయి, తప్పు లేని చోట కూడా క్షమాపణ చెప్పేవారికి ఈ మందు పనికిరాదు. వారు తమ పక్షాన్ని గట్టిగా వినిపించడం అలవాటు చేసుకోవాలి. ఒకే సలహా అందరికీ చెప్పే పుస్తకాల్లో దొరకనిది ఇదే.

ఇక్కడ సంప్రదాయాల మధ్య నిజమైన తగాదా ఒకటి ఉంది. కోపగించవలసిన చోట కోపగించనివారు మందబుద్ధులుగా కనిపిస్తారని అరిస్టాటిల్ అభిప్రాయం. సెనెకా దీన్ని 'కోపం గురించి' మొదటి భాగంలో నేరుగా ఎదుర్కొన్నాడు: కోపం అవసరం లేకుండానే ధైర్యవంతుడు పోరాడగలడు, న్యాయమూర్తి శిక్షించగలడు, లోపలికి రానిచ్చాక దాన్ని మనం చెప్పిన చోట ఆపలేము. ఎవరిది సరి? అన్యాయం జరుగుతున్నప్పుడు చలించకుండా కూర్చునే ప్రశాంతత నాకు సద్గుణంలా కనిపించదు కాబట్టి, సిద్ధాంతంలో నేను అరిస్టాటిల్ వైపే మొగ్గుతాను. అయితే కోపం వైపు ఒరిగే మనిషి ఇప్పుడు చేయవలసిన అభ్యాసం సెనెకాదే, ఎందుకంటే అరిస్టాటిల్ చెప్పిన వంకర కర్ర నియమం కూడా అతన్ని అటే లాగుతుంది. తన కోపం తగినదేనని కోపిష్టికి ఎప్పుడూ అనిపిస్తుంది.

కోరికను ప్రశ్నించడం

తీర్పు వెనుక చాలాసార్లు ఒక కోరిక ఉంటుంది. క్రీ.పూ. 306 ప్రాంతంలో ఏథెన్స్‌లో తన ఉద్యానంలో పాఠశాల స్థాపించి, స్త్రీలనూ బానిసలనూ కూడా చేర్చుకున్న ఎపిక్యూరస్‌ను విలాసాలు బోధించినవాడిగా చిత్రించడం ఆయన కాలంలోనే మొదలైంది. కుండెడు జున్ను పంపితే కోరుకున్నప్పుడు విందు చేసుకుంటానని మిత్రునికి రాసిన మనిషి ఆయన. కోరికలను ఆయన మూడుగా విభజించాడు: సహజమైనవీ అవసరమైనవీ, సహజమైనవే గాని అవసరం కానివి, రెండూ కానివి. ఆకలి తీరాలన్నది మొదటి కోవలోకి వస్తుంది. కిరీటాలూ విగ్రహాలూ కావాలన్నది మూడవ కోవ ఉదాహరణగా పాత వ్యాఖ్యలో కనిపిస్తుంది. ప్రతి కోరికనూ ఆయన అడగమన్న ప్రశ్న ఇది: ఇది తీరితే నాకు ఏమవుతుంది, తీరకపోతే ఏమవుతుంది?

మన ఉదాహరణలో ఎత్తిపొడుపు వెనుక ఉన్న కోరిక, నలుగురిలో ఎప్పుడూ తప్పు చేయనివానిగా కనిపించాలన్నది. ప్రశ్న వేసి చూడండి. తీరితే, రేపు మళ్లీ అదే కోరిక, ఈసారి ఇంకాస్త భయంతో. తీరకపోతే, ఒకసారి తప్పు చేసిన మనిషిగా నలుగురికీ తెలుస్తుంది, వారూ అలాంటివారే. జవాబును మనసులో అనుకోవడం కంటే కాగితం మీద రాయడం వల్ల దీని పస బయటపడుతుంది.

వస్తువుల మీద, సౌఖ్యాల మీద మమకారం మీ లోపమైతే సెనెకా పద్దెనిమిదవ ఉత్తరం చదివి అందులోని ప్రయోగం చేయవచ్చు: మూడు నాలుగు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, అతి సాదా తిండితో, ముతక బట్టతో గడిపి, "నేను భయపడింది దీనికేనా?" అని అడగడం. ఆరోగ్యం అనుమతించకపోతే తిండి జోలికి పోకుండా మరొక సౌఖ్యాన్ని వదులుకోండి. దీన్ని ఎవరికీ చెప్పకుండా చేయాలి.

న్యాయం సంగతి

ఈ తత్త్వాలను మనశ్శాంతి కోసం చదివేవారు తరచుగా వదిలేసే సద్గుణం న్యాయం. ఎన్ని రాత్రులు పరీక్షించుకున్నా, ఎంత ప్రశాంతంగా మారినా, మీతో వ్యవహరించేవారికి మీ వల్ల జరిగే నష్టం తగ్గకపోతే, ఆ సాధన ఎక్కడో దారి తప్పినట్టే. దీన్ని సరిచూసుకోవడానికి సిసెరో క్రీ.పూ. 44లో ఏథెన్స్‌లో చదువుకుంటున్న కుమారుని కోసం రాసిన 'డి ఆఫికీస్' (కర్తవ్యాల గురించి) మూడవ భాగం మంచి సాధనం.

అందులో ఒక సమస్య ఉంది. రోడ్స్ ద్వీపంలో కరువు, ధాన్యం ధర మండిపోతున్నది. అలెగ్జాండ్రియా నుంచి ఒక మంచి వర్తకుడు ఓడ నిండా ధాన్యంతో వచ్చాడు. వెనుక మరిన్ని ధాన్యపు ఓడలు బయలుదేరి వస్తున్నాయని అతనికి తెలుసు, కొనేవారికి తెలియదు. చెప్పాలా, చెప్పకుండా మంచి ధరకు అమ్ముకోవచ్చా? బాబిలోనియాకు చెందిన డయోజెనీస్ అనే స్టోయిక్ గురువు, చెప్పకపోవడం వేరు, దాచిపెట్టడం వేరు, మోసం చేయనంత వరకు అమ్ముకోవచ్చునంటాడు. ఆయన శిష్యుడు ఆంటిపేటర్, మనుషుల మేలు కోరడానికే పుట్టినవాడివి, వారికి కావలసిన సంగతి తెలిసి ఎలా దాస్తావని అడుగుతాడు. ఇద్దరూ ఒకే సంప్రదాయానికి చెందినవారు, ఇద్దరి వాదనలోనూ బలముంది. వాదన విన్నాక సిసెరో, వర్తకుడు దాచకూడదని తీర్పు చెబుతాడు: తెలిస్తే ఎదుటివారికి మేలు కలిగే సంగతిని నీ లాభం కోసం వారికి తెలియకుండా ఉంచాలనుకోవడమే దాచడం.

దీన్ని సమావేశపు లెక్క మీద పెట్టి చూడండి. ఇంతవరకు మన సాధకుడు పట్టించుకున్నది తన కోపాన్నీ, తన తీర్పునూ, తన కోరికనూ. కానీ ఆ తప్పు లెక్క అప్పటికే ఎవరెవరి చేతుల్లోకో వెళ్లి ఉంటుంది. దాని మీద ఆధారపడి వారు నిర్ణయాలు తీసుకుంటున్నారు, తప్పుందని వారికి తెలియదు, అతనికి తెలుసు. సహోద్యోగికి క్షమాపణ చెప్పి ప్రశాంతంగా నిద్రపోతే సరిపోదు. లెక్క అందుకున్న ప్రతి ఒక్కరికీ సరిదిద్దిన లెక్క పంపాలి. రాత్రి పరీక్ష రాతలో అయిదవ అంశంగా "ఇది ఇంకెవరిని తాకుతుంది?" అన్న ప్రశ్నను చేర్చుకోండి. లోపల జరిగే సాధనకు బయట ఆనవాలు ఇదే.

న్యాయం గురించి చదువుతున్నప్పుడు ఈ రచయితల లోపాలను కప్పిపుచ్చవద్దు. కొందరు స్వభావరీత్యా బానిసలని అరిస్టాటిల్ వాదించాడు, అది తప్పు. సెనెకా బానిసలను తోటి మనుషులుగా చూడమని 47వ ఉత్తరంలో రాశాడు గాని బానిసత్వాన్ని రద్దు చేయమనలేదు. అపార సంపద కూడబెట్టుకొని పేదరికాన్ని పొగడుతున్నావన్న నింద ఆయన మీద ఉండేది. తాను జ్ఞానిని కానని, చెడ్డవారికంటే మెరుగు కావడమే తన ప్రయత్నమని ఆయన ఇచ్చుకున్న సమాధానం అందరినీ ఒప్పించదు. నన్నూ పూర్తిగా ఒప్పించలేదు. రాత్రి పరీక్ష పద్ధతికి మాత్రం దాని వల్ల వచ్చిన నష్టమేమీ లేదు.

పురోగతి, తోడు

ఎంత మెరుగయ్యామో కొలవడానికి ఎపిక్టెటస్ ఒక లెక్క చెప్పాడు. ఇంతకుముందు రోజూ కోపం వచ్చేది, తరువాత రోజు విడిచి రోజు, తరువాత మూడు రోజులకోసారి, నాలుగు రోజులకోసారి అని లెక్కపెట్టుకోండి. ముప్ఫై రోజులు కోపం లేకుండా గడిస్తే దేవునికి బలి సమర్పించండి. అలవాటు ముందు బలహీనపడి, ఆ తరువాతే నశిస్తుందని ఆయన వివరణ. ఇరవయ్యవ రోజున తప్పితే లెక్క మళ్లీ ఒకటితో మొదలవుతుంది గాని, బలహీనపడిన అలవాటు తిరిగి మొదటి బలానికి చేరదు. మధ్యలో కొన్ని రాత్రులు రాయడం మానేసినా, మానేసిన రోజులను తిరిగి పూరించే ప్రయత్నం చేయకుండా ఆ రాత్రి నుంచే కొనసాగించండి. ముప్ఫై రోజులు నిండాక రెండవ లోపాన్ని ఎంచుకోవచ్చు. అప్పటికి మీ రాతల్లోనే అది చాలాసార్లు తొంగిచూసి ఉంటుంది.

నడవడికి ఒక నమూనా కూడా కావాలి. ఎవరైనా ఉత్తముణ్ని ఎంచుకొని అతను ఎప్పుడూ చూస్తున్నట్టుగా బతకమన్న ఎపిక్యూరస్ సలహాను సెనెకా పదకొండవ ఉత్తరంలో ఉటంకించాడు. మార్కస్ అరీలియస్ ఒక్కరితో సరిపెట్టుకోలేదు. 'మెడిటేషన్స్' మొదటి భాగమంతా తాను ఎవరి దగ్గర ఏమి నేర్చుకున్నాడో చెప్పే జాబితా. వ్యాకరణ గురువు అలెగ్జాండర్ గురించి ఆయన రాసింది మన ఉదాహరణకు సరిగ్గా సరిపోతుంది: ఎవరైనా తప్పుగా మాట్లాడితే ఎత్తిచూపి మందలించకుండా, జవాబిస్తున్నట్టుగానో సమర్థిస్తున్నట్టుగానో సరైన మాటను సంభాషణలోకి తెచ్చేవాడట. అలాంటి జాబితా ఒకటి మీరూ రాయండి. పేరు పక్కన "మంచివాడు" అని కాకుండా, అతను చేసిన ఒక పనిని రాయాలి.

చివరిగా, ఒంటరిగా చేయవద్దు. తన బోధనలను రాత్రింబగళ్లు నీలోనూ, నీలాంటి మరొకరితోనూ మననం చేయమని ఎపిక్యూరస్ తన శిష్యుడు మెనీసియస్‌కు రాశాడు. అరిస్టాటిల్ పది భాగాల్లో రెండింటిని, ఎనిమిది, తొమ్మిదింటిని, స్నేహానికే కేటాయించాడు. ప్రయోజనం కోసం, సుఖం కోసం కలిసే స్నేహాల కంటే, ఒకరి గుణాన్ని మరొకరు గౌరవించడం వల్ల నిలిచేది అరుదైనదని, దానికి కాలం పడుతుందని రాశాడు. ఒక మిత్రునితో వారానికొకసారి కూర్చొని ఒక ఉత్తరమో ఒక అధ్యాయమో చదివి, ఆ వారపు రాతల్లో ఒక్కదాన్ని ఒకరికొకరు వినిపించుకోండి. వినేవారు సలహా ఇవ్వకుండా ఒక్క ప్రశ్న మాత్రమే అడగాలని ముందే ఒప్పందం చేసుకుంటే, తప్పు చూపించుకోవడం అక్కడే అభ్యాసమవుతుంది.